జతలాట ఆయమ్మ గారు

మొన్న మంగళవారం పొద్దున్న పప్పులోకి తాలింపు వేస్తుంటే ఫోను మోగింది. పెద్దాపురం నుంచి మా ఆయమ్మ గారి కూతురు. "టీచరు గారండీ, అమ్మ వెళ్ళిపోయిందండీ. పొద్దున్నే లేచి కాఫీ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, మంచమ్మీద నడుం వాల్చింది. అంతేనండీ" అంది. నేను స్టవ్వు కట్టెయ్యడం మర్చిపోయాను. తాలింపు మాడి, ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్మేసింది. మా ఆయన దగ్గుకుంటూ వచ్చి "ఏంటోయ్, ఏమైంది?" అన్నారు. "మా ఆయమ్మ గారు పోయారండీ" అని చెప్పి ఏడ్చాను. ఘాటుకి కాదు, నిజంగానే ఏడ్చాను.

స్కూల్లో ఆయాకి "గారు" ఏంటి అనుకునేవాళ్ళు మీలో ఉంటారు. ఉంటారని నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలా అనుకున్నదాన్నే. ఆ "గారు" నా నోటికి ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

తొంభైల మధ్యలో సంగతి. నేను పుట్టింది నిడదవోలు, పెళ్ళై భీమవరం వచ్చాను. ఊరి చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులవుతున్న రోజులు, వీధికో ఇంగ్లీషు మీడియం బోర్డు లేస్తున్న రోజులు. మా స్కూలు ఒక పాత మేడలో ఉండేది. ముందు హాలు నర్సరీ, వెనక వంటిల్లు ఎల్కేజీ. వంటింటి గట్టు మీద పిల్లల సంచులు వరసగా పెట్టించేవాళ్ళం. నన్ను నర్సరీకి వేశారు. బి.ఎడ్. ఫస్టు క్లాసులో పాసై, పదో తరగతికి సైన్సు చెప్పాలని కలలు కన్న మనిషిని. తీసుకెళ్ళి నలభై మంది మూడేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టారు. ఒళ్ళు మండిపోయేది. ముక్కులు తుడవడానికా నేను చదువుకున్నది అని రోజూ ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచేదాన్ని. నిజానికి ఆ ముక్కులు తుడిచింది కూడా నేను కాదు, ఆయమ్మ.

ఆవిడకి అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ముదురురంగు నేత చీర, నడుం చుట్టూ తిప్పి దోపిన కొంగు, గాజులకి అరడజను పిన్నీసులు. ఆ పిన్నీసులు లేకపోతే మా స్కూల్లో సగం మంది పిల్లల నిక్కర్లు నిలిచేవి కావు. చదువు ఆరో తరగతితో ఆగింది. భర్త పోయాక కూతుర్ని తీసుకుని పెద్దాపురం నుంచి భీమవరం వచ్చి, ఈ పనిలో చేరారు. చెప్పులు చూసి ఏ పిల్ల వచ్చిందో, ఏ పిల్ల రాలేదో చెప్పేసేవారు. హాజరు పిలవడానికి నాకు పావుగంట పట్టేది. ఆవిడ గుమ్మం దగ్గర ఒక్క చూపు చూసి "ముగ్గురు రాలేదండీ టీచరు గారూ, ఒకడికి చెవిపోటంట" అనేవారు.

ఆవిడ దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో పండగలుండేవి.

మా వైపు పెళ్ళిళ్ళ సీజనులో మా స్కూలు యజమాని కరస్పాండెంటు గారికి వచ్చే శుభలేఖలు అట్టల్లా దళసరిగా ఉండేవి. పెళ్ళిళ్ళయ్యాక ఆయన వాటిని బుట్టలో పడేసేవారు. ఈవిడ ఏరుకునేవారు. పేర్లున్న వైపులు రెండూ లోపలికి పెట్టి మైదాపిండి జిగురుతో అంటించి, చేతిలో పట్టేంత ముక్కలు కత్తిరించేవారు. "పేర్లెందుకు లోపలికి?" అని ఒకసారి అడిగాను. "కొత్త దంపతులు కదండీ, పిల్లలు తొక్కితే బాగోదు" అన్నారు. శుభలేఖ మూలలకి రాసిన పసుపు మాత్రం పైకి కనపడేలా ఉంచేసేవారు. పండగ బొమ్మలకి ఆ మాత్రం పసుపుండాలనేవారు.

ఆ ముక్కల మీద బొమ్మలు. కొన్ని పేపర్లోంచి కత్తిరించినవి, కొన్ని అగరొత్తుల పెట్టెల మీదవి, టపాసుల పెట్టెల మీదవి, సేమ్యా పొట్లాల మీదవి. దొరకనివి ఆవిడే పిల్లల రంగుపెన్సిళ్ళతో వేసేవారు. వినాయకుడు ఒక ముక్క, ఉండ్రాళ్ళు ఒక ముక్క. శ్రీరామనవమి పందిరి ఒకటి, పానకం బిందె ఒకటి. నెలవంక ఒకటి, సేమ్యా గిన్నె ఒకటి. క్రిస్మస్ నక్షత్రం, కేకు. దీపావళి ప్రమిద, మతాబా. నాగుల చవితి పుట్ట, పాలచెంబు. సొంతూరి మీద మమకారం కొద్దీ మరిడమ్మ జాతరలో అమ్మవారి పేరున నెత్తికెత్తుకునే గరగ కుండ కూడా ఒకటి వేసుకున్నారు. అది చూసి పిల్లలు పూలకుండీ అనుకునేవారు, ఆవిడకి భలే ఉక్రోషం వచ్చేది. ఇవన్నీ చాప మీద కలిపి పరిచి, దేనికి ఏది జతో పిల్లల చేత పెట్టించేవారు. జత కుదిరితే పిల్లలంతా "జతయ్యింది!" అని అరిచేవారు. ఆ ఆటకి పేరు జతలాట. ఏ పుస్తకంలో చూసి నేర్చుకున్నారని అడిగితే, "పుస్తకమేంటండీ, మూలనున్న చెప్పులకి జత వెతుకుతుంటే తోచిందండీ" అని నవ్వేశారు.

జూన్ నెలలో కొత్త పిల్లలు చేరే రోజుల్లో గేటు దగ్గర ఆవిణ్ణి చూడాల్సింది. వీధంతా ఏడుపు. నేనైతే రెక్క పట్టుకుని లోపలికి లాగేసేదాన్ని, తల్లులు బయట కళ్ళొత్తుకునేవారు. ఆవిడ అలాక్కాదు. ఏడుస్తున్న పిల్లవాడి చేతిలో ఒక ముక్క పెట్టేవారు. "దీని జత లోపలుంది నాన్నా. పాపం, పొద్దున్నుంచీ దీనికోసమే చూస్తంది" అనేవారు. అంతే, ఇంక బతిమాలడం లేదు. వాడు ఆ ముక్కని తిప్పి చూసేవాడు, తల్లిని చూసేవాడు, గుమ్మాన్ని చూసేవాడు. కాసేపటికి ముక్కు ఎగబీలుస్తూ వాడే లోపలికి నడిచేవాడు. నా బి.ఎడ్.లో సైకాలజీ అని ఒక పేపరుంది. అందులో నాకు డెబ్భై మార్కులు. ఈ ముక్క మాత్రం అందులో లేదు.

నా సంగతీ చెప్పుకోవాలి కదా. నాకప్పుడు ఒక అలవాటుండేది. పిల్ల తప్పు జత పెడితే "రాంగ్!" అని గట్టిగా అనేదాన్ని. అనడమే కాదు, మిగతా పిల్లల చేత కూడా అనిపించేదాన్ని. "ఎవ్రీబడీ?" అంటే చాలు, నలభై గొంతులు ఒక్కసారిగా "రాంగ్!" అనేవి. క్లాసు ఎంత హుషారుగా ఉందో అని మురిసిపోయేదాన్ని కూడా. ఆవిడ నా పక్కన కూర్చుని, నాకొక్కదానికే వినపడేలా "రాంగనే ముందు రవ్వంత ఆగండి టీచరు గారూ" అనేవారు. ఆగితే ఏమొస్తుంది అనేదాన్ని. "ఏమొస్తదో ఆగితే కదండీ తెలిసేది" అనేవారు. ఆయాకి ఇన్ని మాటలా అని నాకు మండేది.

ఒకసారి గట్టిగానే పోట్లాడాను. ఆటలో ఒక్కో పండక్కి ఒక్కటే జత ఉండాలి కదా, ఈవిడ డబ్బాలో అట్లతద్దికి మూడున్నాయి. అట్టు, ఉయ్యాల, గోరింటాకు పండిన చెయ్యి. క్రిస్మస్‌కైతే అరడజను. ఏంటిదని నిలదీశాను. సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పిల్లలకి ఒక్కో ముక్కిచ్చి, మీ ఇంట్లో దీని జతేంటో అడిగి రమ్మంటున్నారట. పిల్లలు ఏం చెబితే అది కొత్త ముక్క చేసి డబ్బాలో వేస్తున్నారట.

"ఇలాగైతే టెస్టు ఎలా పెట్టాలి ఆయమ్మా నేను? దేనికి మార్కు వెయ్యాలి?" అన్నాను.

"పండగ ఇంటికో రకంగా ఉంటదండీ. మనం ఒక్కటే ఉంచితే మిగతా ఇళ్ళ పిల్లలకి పండగ లేనట్టేనా అండీ?"

"నువ్వు చెప్పేది బాగానే ఉంది. సిలబస్‌లో అలా ఉండదు."

"ఆయ్, సిలబస్ నాకేం తెలుసండీ" అని ఆవిడ డబ్బా మూత పెట్టేశారు. నేనే గెలిచాననుకున్నాను.

ఆ ఏడు మా క్లాసులో ఒక ఆడపిల్ల చేరింది. పేరెందుకు లెండి. కాలవ గట్టు మీద ఇల్లు, తండ్రి వేటకి వెళతాడు, తల్లి గంపలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. తమ బిడ్డ ఇంగ్లీషు చదువు చదవాలని ఆ తల్లికి పట్టుదల. పొద్దున్నే గంప గేటు బయట దించి, చెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేది. మొదటి వారం ఆ పిల్ల బాగానే ఉంది. ఒకరోజు చాప మీద వినాయకుడి ముక్క చూపించి దీని జతేంటంటే లేచి నిలబడి "కాలవ!" అంది గట్టిగా. నేను "రాంగ్! ఉండ్రాళ్ళు" అన్నాను. ఎవ్రీబడీ అన్నాను. నలభై మందీ అరిచారు. ఆ పిల్ల కూర్చుంది.

ఆ తర్వాత ఆ పిల్ల మా స్కూల్లో మాట్లాడలేదు. పేరడిగితే లేదు, నీళ్ళు కావాలా అంటే లేదు, పక్కపిల్ల గిచ్చినా నోరు పెగల్లేదు. దసరా అయింది, దీపావళి అయింది, క్రిస్మస్ అయింది. తల్లినడిగితే, "ఇంటికాడైతే దీని నోరు మూతపడదండీ టీచరమ్మ గారూ, దీని గోల భరించలేక చస్తున్నామండీ" అనేది. తల్లి కదా, అలాగే చెబుతుందని నేను లోపల అనుకునేదాన్ని. పిల్లకి మాట రాదేమోనని, బుర్ర మందమేమోనని నా అనుమానం. కాలవ గట్టు మీద ఉండే పిల్ల ఇంటి ముందునుంచే ఊరి వినాయకులన్నీ నీళ్ళలోకి వెళతాయన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆయమ్మకి ఆ రోజే తట్టింది. ఆ సాయంత్రమే నీలం రంగు కాలవ బొమ్మ ఒకటి వేసి డబ్బాలో పడేశారు. అది నేను చూసింది చాలా రోజుల తర్వాత.

మార్చిలో కరస్పాండెంటు గారు ఎల్కేజీకి ఎవరెవర్ని పంపాలో లిస్టు అడిగారు. ఆయన చెడ్డమనిషేం కాదు. చెరువులున్న ఆసామి, ఊళ్ళో పేరున్న స్కూళ్ళతో పోటీ పడాలని తాపత్రయం. ప్రతి పిల్లకీ తన గదిలో, తన ఎదురుగా చిన్న టెస్టు పెట్టమన్నారు. పేరు, రంగులు, ఆ తర్వాత జతలు. నేను ఆవిడ డబ్బాలోంచి పండక్కి ఒక్క జత చొప్పున ఏరి, మిగతావన్నీ తీసి పక్కన పెట్టాను. నా పద్ధతిలో ఆటని శుభ్రం చేశానన్నమాట.

ఈ పిల్ల వంతు వచ్చింది. ఆయమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, లోపల నిలబెట్టి, తను గుమ్మం దగ్గర ఆగారు. తల్లి వరండాలో బల్ల మీద ఓ మూలగా కూర్చుంది. పేరడిగాను, మాట లేదు. ఎర్రరంగు చూపించాను, మాట లేదు. కరస్పాండెంటు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలి, "ఏంటండీ, అసలు నోరే విప్పదా?" అన్నారు. "జతలైనా పెడుతుందేమో చూద్దామండీ" అని ముక్కలు బల్ల మీద పరిచాను.

ఆ పిల్ల చాలాసేపు చూసింది. చివరికి చెయ్యి చాపి దీపావళి ప్రమిద తీసింది. నేను మతాబా ముక్కని దాని వైపు కొంచెం జరిపాను కూడా, అంత పక్షపాతం చూపించాను. అది మతాబాని ముట్టుకోలేదు. నాగుల చవితి పుట్ట తీసి, తెచ్చి ప్రమిద పక్కన పెట్టింది. పండక్కి పండగ జత పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

"రాంగ్" అన్నాను. కాగితం మీద ఇంటూ కొట్టాను.

"ఇంక లాభం లేదండీ" అన్నారు కరస్పాండెంటు గారు. "మాటా లేదు, బొమ్మలూ తెలియట్లేదు. పేరు తీసెయ్యండి. ఇలాంటి పిల్లలకి రాజమండ్రిలో వేరే స్కూలుంటుందట, అక్కడ చూసుకోమని వాళ్ళమ్మకి చెప్పేయండి."

వరండాలో తల్లి వింటోంది. నాకు ఆ తల్లి మొహం కిటికీలోంచి కనిపిస్తోంది. అయినా పెన్ను తీశాను. పేరు మీద గీత కొట్టడానికి స్కేలు కూడా ఆనించాను. వంకరగా పోకూడదని, చూశారా, నా శుభ్రత.

"టీచరు గారూ, రవ్వంత ఆగండి."

ఆయమ్మ. కరస్పాండెంటు గారి గదిలో అప్పటిదాకా ఆవిడ పిలవకుండా అడుగు పెట్టి ఎరగరు, అడగకుండా మాట్లాడి ఎరగరు. గుమ్మం దాటి లోపలికి వచ్చేశారు.

"అది రాంగు కాదండీ."

"పండక్కి పండగ జతేంటి ఆయమ్మా?" అన్నాను విసుగ్గా.

"దాన్నే అడగండి."

"అది మాట్లాడితే కదా!"

"మాటతో అడక్కండి మరి" అని, నా చేతిలోంచి స్కేలు లాగేసుకున్నారు. రెండడుగుల చెక్క స్కేలు అది. బల్ల తుడిచే గుడ్డ తీసి దాని కొసకి ముడేశారు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇదిగో అమ్మడూ, గోగుకాడ. నూనెలో ముంచాను. ఎలిగించాను. చూడు, ఎలా మండతందో! ఊఁ, పట్టుకో" అన్నారు. పిల్ల స్కేలు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. దానికి నేనంటే భయం.

ఆయమ్మ కూడా ఆ చూపు చూశారు. "టీచరు గారూ, ఏమీ అనుకోకండి. మీరు కూసింత అటు తిరగండి" అన్నారు.

ఇరవై నాలుగేళ్ళ బి.ఎడ్. టీచర్ని, కరస్పాండెంటు గారి ముందు, గోడవైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద ఎరువుల కంపెనీ క్యాలెండరుంది. దాన్నే చూస్తున్నాను. చెవులు మాత్రం వెనక్కి ఉన్నాయి.

ఠప్పున ఒక దెబ్బ, నేల మీద. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. ఆ దెబ్బలతోపాటే గొంతు. దీపావళి సాయంత్రం మా గోదావరి వైపు ప్రతి గుమ్మం ముందూ పిల్లలు గోగుకాడలకి నూనెగుడ్డలు కట్టి, వెలిగించి, నేలకేసి కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అనే మాట ఉంది కదా, అది. దీపావళి పేరెత్తి, ఊపిరి తీసుకోకుండానే మళ్ళీ వచ్చే నాగుల చవితిని పిలిచే మాట. రెండు పండగలూ ఒక్క ఊపిరిలో. నేనూ చిన్నప్పుడు నిడదవోలులో మా గుమ్మం ముందు ఏటా అరిచినదాన్నే. ఏటా! ఆ పిల్ల జత పెట్టింది దాన్నండీ. దాని పక్కన నేను ఇంటూ కొట్టాను.

ఆ గొంతు బొంగురుగా, వీధి చివరిదాకా వినపడేలా ఉంది, అచ్చం తల్లి గొంతులా. వరండాలో తల్లి బల్ల మీంచి లేచి కిటికీ ఊచలు పట్టేసుకుంది. "మా పిల్లేనండీ! అది మా పిల్ల గొంతేనండీ బాబుగారూ!" అని ఏడుస్తోంది, నవ్వుతోంది. కరస్పాండెంటు గారు బల్ల మీద అరచేత్తో చరిచారు. "ఔను కదండీ! ఎంత తెలివితక్కువ వాళ్ళమండీ మనం! రెండూ ఒక్క మాటలోవే కదా!" అన్నారు. మనం అని ఆయన పెద్దమనసుతో అన్నారు గానీ, ఆ తెలివితక్కువతనం పూర్తిగా నాది.

నేను ఇటు తిరిగేసరికి పిల్ల స్కేలు నేల మీద పడేసింది. గోగుకాడ పడేశాక వెనక్కి చూడకూడదు కదా, చూడలేదు. నేరుగా నా దగ్గరికి నడిచొచ్చి, రెండు పాదాలూ ముందుకి జరిపి నిలబడింది. నాకర్థం కాలేదు. మంచినీళ్ళ కూజా నా పక్కనే ఉంది. "పొయ్యండి టీచరు గారూ, అలా చూస్తా నిలబడ్డారేంటండీ?" అన్నారు ఆయమ్మ. "గోగుకాడ కొట్టొచ్చిన పిల్లని కాళ్ళు కడక్కుండా నిలబెడతారా?"

"గ్లాసిటు ఇవ్వండి ఆయమ్మ గారూ" అన్నాను. గారు అన్నానని నేను గమనించలేదు, ఆవిడే గ్లాసిస్తూ ఒక్క క్షణం ఆగారు. వంగి ఆ చిన్న పాదాల మీద నీళ్ళు పోశాను. నీళ్ళు బల్ల కిందికి పారితే కరస్పాండెంటు గారు కాళ్ళు పైకెత్తి కూర్చున్నారు.

పేరు మీద గీత పడలేదు. ఆ పిల్ల ఎల్కేజీకి వెళ్ళింది, ఆ పైన పదేళ్ళు మా స్కూల్లోనే చదివింది. మాట్లాడకుండా కూర్చోమని దాని మీద కేకలెయ్యని టీచరు లేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిణ్ణి అడిగాను, "దాని నోరు మూయించింది నేనేనా ఆయమ్మ గారూ? నిజం చెప్పండి" అని. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ, "మీరొక్కరే కాదులెండి, నలభై మంది పిల్లలు కూడా అరిచారు కదండీ" అన్నారు. కాదని అబద్ధం చెప్పలేదు, అలాగని నన్ను ఏడిపించనూ లేదు. ఒక ముద్ద తిని, "నన్ను మీరు, గారు అనకండి టీచరు గారూ, నా వెనకాల ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తన్నాను" అన్నారు. నేను వినలేదు. నన్ను చూసి మిగతా టీచర్లు, వాళ్ళని చూసి పిల్లలు, ఆఖరికి కరస్పాండెంటు గారు కూడా గారు అనడం మొదలెట్టారు. ఆవిణ్ణి నర్సరీ టీచర్ని చేస్తానని ఆయన ఒకసారి అన్నారు. "నేను టీచరైపోతే మీ పిల్లల్ని ఒంటేలుకి ఎవరు తీసుకెళ్తారండీ బాబుగారూ?" అని ఆవిడ తోసిపుచ్చారు.

నేను మళ్ళీ ఎప్పుడూ పిల్లల చేత రాంగ్ అనిపించలేదు. హైస్కూల్లో ఖాళీ వచ్చిందని పిలిచినా వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళుగా చిన్నపిల్లల దగ్గరే ఉన్నాను, ఆ పాఠాలన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. రెండువేలు దాటాక రంగురంగుల అచ్చు కార్డులు వచ్చాయి, పండక్కి ఒక్కటే జత. క్రిస్మస్ కార్డు మీద ఇళ్ళ చుట్టూ మంచు కుప్పలు. ఆవిడ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఇదేంటండీ, ఉప్పుమడులా?" అని అడిగారు. నవ్వలేక చచ్చాను. పిల్లలు ఎలాగూ ఆ డబ్బానే అడిగేవారు. ఆవిడ పని మానేసి కూతురి దగ్గరికి పెద్దాపురం వెళ్ళాక డబ్బా నాకు అప్పగించారు గానీ, స్కూలు కొత్త బిల్డింగులోకి మారేటప్పుడు చెదలు తినేసిందని తేలింది. ఆ సంగతి ఫోనులో భయపడుతూ చెబితే, "పోన్లెండి, మళ్ళీ పిల్లల్ని అడగండి, చెబుతారు" అన్నారు. అలాగే అడిగాను, అలాగే చెప్పారు.

ఆవిడ పోయారన్న కబురు విన్న దగ్గర్నుంచీ నా మనసు మాత్రం ఆ మార్చి పొద్దుట ఆ గదిలోనే తచ్చాడుతోంది. నేను కాళ్ళు కడిగేసి, అయిపోయింది కదా అని గ్లాసు కింద పెట్టాను. ఆ పిల్లకి ఇంకా అవలేదు. గోగుకాడ కొట్టి, కాళ్ళు కడిగించుకున్న పిల్లకి ఇంట్లో పెద్దవాళ్ళు నోట్లో తీపి పెట్టాలి. అది కళ్ళు గట్టిగా మూసుకుని, నా ఎదురుగా నోరు తెరిచి నిలబడింది. "కాలవ" అన్న రోజు నుంచి నా ముందు ఒక్కసారి కూడా తెరవని నోరు. పాలపళ్ళూ, చిన్న నాలుకా అన్నీ కనపడుతున్నాయి. కరస్పాండెంటు గారు ఒక్కో సొరుగూ లాగి వెతుకుతున్నారు, నేను నా హ్యాండుబ్యాగు బల్ల మీద గుమ్మరించేశాను, తల్లి కిటికీ అవతల కొంగుముడి విప్పుకుంటోంది. ఆయమ్మ గారు మాత్రం ఏమీ వెతకలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని, పెట్టబోయే తీపి కింద పడిపోకుండా దాని గడ్డం కింద దోసిలి పట్టారు.